ముందు ఎదుటి పక్షం

మావయ్య పోయాడని నాన్న ఫోన్ చేసేటప్పటికి నేను హైదరాబాద్‌లో, హాస్టల్ మెస్‌లో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఉన్నా. "అమ్మా, మావయ్య పోయాడు. పొద్దున్నే స్నానానికి నీళ్ళు తోడుకుంటూ కూలబడిపోయాడంట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట" అన్నాడు నాన్న. ఆ తర్వాత, "బస్సులో కిటికీ పక్కన కూర్చో, నీకు కడుపులో తిప్పుద్ది" అన్నాడు. నాకు ఏడుపు రాలా. కోపం వచ్చింది. ఆదివారం వస్తున్నా, నిన్నొక మాట అడగాలి అని ముందే చెప్పి ఉంచా మావయ్యకి. "రా, రా. మాగాయ కూడా పట్టుకెళ్దువుగాని" అన్నాడు. ఆదివారం ఇంకా రానేలేదు. "రెండ్రోజులు ఆగలేకపోయావా!" అని మెస్‌లో పైకే అనేశా. పక్కన కూర్చున్న అమ్మాయి ఉలిక్కిపడి నా వంక చూసింది.

అడగాలనుకున్న మాటేంటో ఇక్కడే చెప్పేస్తా, దాచేదేం లేదు. చరిత్రలో పీహెచ్‌డీ మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఫెలోషిప్ ఆగిపోయింది, థీసిస్ మాత్రం తెమల్లేదు. నా మొహం చూస్తే మా గైడు గారికి విసుగు, అద్దంలో చూసుకుంటే నాకూ విసుగే. ఇదంతా వదిలేసి వచ్చేసి, అప్పుడు చదవాల్సిన లా ఇప్పుడు చదివి, నందిగామలో నీ దగ్గర చేరిపోనా మావయ్యా? అదీ నా ప్రశ్న. ఎందుకంటే నన్నీ దారిలో పంపింది ఆయనే అని నా నమ్మకం. పంపినవాణ్ణి కాక ఇంకెవర్ని అడుగుతాం, వెనక్కి రావచ్చా అని?

మావయ్య అంటే మా అమ్మకి అన్న. నందిగామ కోర్టులో ప్లీడరు. మేం ఉండేది జగ్గయ్యపేటలో. నాన్న సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఇంటర్లో ఉండగా అమ్మ పోయింది. ఆ తర్వాత నాకు జగ్గయ్యపేటలో నాన్న, నందిగామలో మావయ్యా అత్తయ్యా, అంతే లోకం. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ రోజు హైదరాబాద్ నుంచి నేనెక్కిన బస్సే చిల్లకల్లు దగ్గర నాన్న కూడా ఎక్కాడు. నా పక్కన కూర్చున్నాడు. నందిగామలో దిగేముందు చొక్కా మడతలు చేత్తో సాపు చేసుకుంటూ, "ఇస్త్రీ లేకుండా వచ్చా. బావ చూస్తే తిట్టేవాడు" అన్నాడు.

మావయ్య గురించి నాలుగు మాటలు రాసివ్వమని ఆయన తోటి ప్లీడర్లు అడిగారు. రాయాలంటే ఆయన పద్ధతిలోనే రాయాలి. ఆయన పద్ధతేంటంటే, ఏ విషయమైనా ముందు ఎదుటి పక్షం చెప్పాలి. అందుకని ముందు ఆయన మీద నాకున్న ఫిర్యాదులు చెప్తా.

మనిషి పరమ మొండి. టైముకి ఇంట్లోంచి బయల్దేరిన పాపాన పోలా. కోర్టుకి వేళైపోతుంటే, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ జేబు దువ్వెనతో అటు దువ్వి, మళ్ళీ ఇటు దువ్వి, అద్దం ముందే ఉండిపోయేవాడు. ఫోన్లో ఊఁ కొట్టడు. మనం మాట్లాడుతూనే ఉంటాం, లైను తెగిపోయిందేమో అనుకుని పెట్టేస్తాం, మళ్ళీ ఫోన్ చేసి "మధ్యలో పెట్టేశావేంటి?" అని మనల్నే దబాయిస్తాడు. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొని, పైన పిండంతా తను తినేసి, లోపలి మిరపకాయలు కాయితంలో వరసగా పేర్చి అత్తయ్యకి తెచ్చిచ్చేవాడు. "నీకు కారం ఇష్టం కదా" అనేవాడు పైగా. ఆవిడ ఆ కాయితం ఆయన మొహాన కొట్టకుండా ఎన్నేళ్ళు కాపురం చేసిందో తలుచుకుంటే దణ్ణం పెట్టబుద్ధేస్తది. ఆఫీసు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే బాగుచేయించడు. "క్లయింటు ఆ చప్పుడుకి తొందరగా అసలు సంగతి చెప్పేసి పోతాడు" అని దానికో వాదన.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు అత్తయ్యది. ఇంటిదాకా వచ్చిన క్లయింటుని చేజేతులా తరిమేస్తాడని.

చందర్లపాడు వైపు నుంచి ఒకాయన వచ్చాడొకసారి. సెలవుల్లో నేను అక్కడే ఉన్నా, కిటికీ పక్క బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నా. పొలం గట్టు తగాదా. అన్న గట్టు జరిపేశాడని, తన భూమి కలిపేసుకున్నాడని, కేసు వెయ్యాలని ఆయన ఊగిపోతున్నాడు. మావయ్య అంతా విని, "సరే, ఇప్పుడు మీ అన్న వచ్చి ఇదే కుర్చీలో కూర్చున్నాడనుకో, ఏం చెప్తాడు?" అని అడిగాడు.

"వాడు చెప్పేదేముందండీ, దొంగ!"

"దొంగే లేవయ్యా. ఆ దొంగ ఏం చెప్తాడు? మీ అన్న మాటలు నువ్వే చెప్పు. వాడి ప్లీడర్ని నేను కాదుగా, నాకెలా తెలుస్తది?"

మావయ్య వదల్లేదు. చివరికి ఆ మనిషి చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి మంచాన పడితే అన్నే చూసుకున్నాడని, ఆ ఏడాది తను ఖమ్మం వైపు పనికెళ్ళి అసలు రాలేదని, గట్టు తెగితే వేసింది అన్నేనని. చెప్తూ చెప్తూ గొంతు మెత్తబడిపోయింది. అంతలోనే గబుక్కున లేచి నిలబడి, "ఫీజిచ్చి మరీ మా అన్నని పొగడటానికి వచ్చానాండీ నేను? మీరు వాడి మనిషిలా ఉన్నారే!" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎదురు వీధిలో ఇంకో ప్లీడరు దగ్గరికి పోవడం మేం కిటికీలోంచి చూశాం. లోపల్నుంచి అత్తయ్య, "పోయాడా? శుభం!" అంది.

"నీ కేసు నీకు తెలుసు, నాకూ తెలుసు. తెలుసుకోవాల్సింది అవతలవాడిది. ఆ పక్షం నీ నోటికి రాకపోతే నీ పక్షం కోర్టులో నిలబడదు" అనేవాడు మావయ్య. ఆ గదిలో ఎవరొచ్చినా అదే రూలు. నీకేది కావాలో దానికి ఎదురు వాదించు, ఆ తర్వాతే నీ మాట. అలా సగం కేసులు కోర్టు గుమ్మం ఎక్కకుండానే ఆ గదిలోనే చచ్చిపోయేవి. మిగిలిన సగం మాత్రం గట్టివి. వాటిల్లో ఆయన ఓడిపోవడం నేను పెద్దగా వినలా.

ఇంట్లో కూడా ఆ రూలే. డిగ్రీలో ఉండగా క్లాసు వాళ్ళందరూ వేదాద్రి వెళ్తుంటే నాన్న పంపనన్నాడు. నేను మావయ్యకి ఫోన్ చేసి ఏడ్చా. "ముందు మీ నాన్న ఎందుకొద్దంటున్నాడో చెప్పు" అన్నాడు. "ఏటి ఒడ్డు, నాకు ఈత రాదు, అమ్మ లేదు, ఏమన్నా అయితే ఆయనకి ఇంకెవరున్నారు" అని చెప్పా. చెప్పాక నాకే వెళ్ళాలనిపించలా. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి నాన్నే, "వెళ్ళు, మెట్ల మీదే ఉండు, నీళ్ళల్లో దిగమాక" అన్నాడు. నాన్నకీ ఫోన్ వెళ్ళిందన్నమాట. చారులో ఉప్పెక్కువైందని మావయ్య అంటే అత్తయ్య కూడా వదిలేది కాదు. "ముందు చారు తరఫున వాదించు, తర్వాత మాట్లాడదాం" అనేది. మావయ్య నిజంగానే గరిట ఎత్తి చారు తరఫున వాదించి, గిన్నె ఖాళీ చేసేవాడు.

ఎం.ఏ. అయిపోయిన ఏడాది నాకు రెండు సీట్లొచ్చాయి. విజయవాడలో లా, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ. నాకు పీహెచ్‌డీ కావాలి. బందరు నుంచి హైదరాబాద్‌కి పూర్వం బాటసారులు నడిచిన దారి మా ఊళ్ళ మీదుగానే పోయేది. ఆ దారి వెంబడి ఉండే సత్రాల మీద పనిచెయ్యాలని నా ఆశ. ఎవరు దిగేవాళ్ళు, ఎవర్ని దిగనిచ్చేవాళ్ళు కాదు, ఏం వండి పెట్టేవాళ్ళు, ఇలాంటివన్నీ. నాన్నకేమో నేను లా చదవాలి. విజయవాడ అయితే పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తా. చదువైపోతే మావయ్య దగ్గర తయారుగా ప్రాక్టీసు ఉంది.

ఇక ఊరు ఊరంతా సలహాలే. పక్కింటాయన, "హిస్టరీలో డాక్టరేటంటే ఏంటమ్మా, పోయిన రాజుల్ని మళ్ళీ తెస్తావా?" అన్నాడు. నాన్న స్నేహితులు ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, ఆడపిల్లకి నల్లకోటు ఎంత మర్యాదో నాకు వివరించారు. అదే నల్లకోటు వేసుకుంటే సంబంధాలు రావని వాళ్ళ ఆడవాళ్ళు వంటింట్లో వివరించారు. విని విని నాకు తల వాచిపోయింది. నాన్నేమో సలహా చెప్పలా, మాట్లాడ్డం మానేశాడు. అన్నం పెట్టుకుని తినేవాడు, టీవీ ముందు కూర్చునేవాడు, పడుకునేవాడు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. చేరాల్సిన గడువు దగ్గరికొచ్చేసింది. ఆ ఆదివారం ఇద్దరం కలిసి నందిగామ బస్సెక్కాం, బస్సులో కూడా తలో వైపు చూస్తూ.

భోజనాలయ్యాక మావయ్య మమ్మల్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. "రూలు తెలుసుగా ఇద్దరికీ" అన్నాడు. "బావా, నువ్వు పీహెచ్‌డీ తరఫున చెప్పు. అమ్మాయ్, నువ్వు లా తరఫున. తూతూమంత్రంగా చెప్తే ఒప్పుకోను, గెలవాలన్నట్టు చెప్పాలి."

"ఈ నాటకాలు నా దగ్గర కాదు బావా. నాకు చదువుల సంగతులేం తెలుసు?" అన్నాడు నాన్న.

"తెలిసిందే చెప్పు."

నాన్న కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. "దీన్ని ఒకసారి బండి మీద తీసుకెళ్ళా, కూలిపోయిన సత్రం ఒకటి చూపించమంటే. కంచి... కంచికచర్ల అవతల, పరిటాల దారిలో. చుట్టూ కంప. నేను బండి దగ్గరే నిలబడ్డా. ఇది లోపలికి పోయింది. ఎంతకీ రాదు. పాము గానీ కరిచిందా అని కంగారుపడి పోయి చూస్తే, పొయ్యి గోడకి పట్టిన మసి గోటితో గీకుతా ఉంది. ఎండకి మొహం కందిపోయింది, పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా తాగలా. నన్ను చూసి నవ్వింది బావా. మీ చెల్లెలు పోయాక ఇది అలా నవ్వడం నేను చూళ్ళా. ఆ నవ్వు ఏ చదువులో ఉంటే ఆ చదువే..." అంటూ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్నాళ్ళూ నోరు మెదపని మనిషి అంత మాట అంటాడని నేననుకోలా. ఆ తర్వాత నా వంతు. నాకు లా మీద ఏ మాత్రం ఇష్టం లేదు, అయినా మొదలుపెట్టా. సత్రాల్లో దిగినవాళ్ళందరూ చచ్చిపోయారని, ఇక్కడ బల్ల మీదికి వచ్చేవాళ్ళు బతికున్నవాళ్ళని చెప్పా. ఆ గట్టు తగాదా మనిషి తన అన్న సంగతి చెప్తుంటే గొంతు మారడం నేను చూశానని, అలాంటిది ఏ పాత కాయితంలోనూ నాకు కనపడదని చెప్పా. సాయంత్రం తలుపు తీసేసరికి ఇంట్లో ఒక మనిషి ఉంటే నాన్న టీవీ ముందు అలా కూర్చోడని కూడా చెప్పా. అది చెప్పాలని అనుకోలా, వచ్చేసింది.

అంతే, మొత్తం తలకిందులైపోయింది. "దీన్ని హైదరాబాద్ పంపిద్దాం బావా" అన్నాడు నాన్న. "నేను లానే చదువుతా" అన్నా నేను. "నోర్మూసుకుని పీహెచ్‌డీలో చేరు" అని ఆయన. "నేను నిన్నొదిలి పోను" అని నేను. బస్సులో ఏ మాట మీద మూతి ముడుచుకుని వచ్చామో, ఇప్పుడు సరిగ్గా దానికి ఎదురు మాట మీద ఇద్దరం అరుచుకుంటున్నాం. మజ్జిగ తెచ్చిన అత్తయ్య గుమ్మంలో నిలబడి, "బాగుంది సంబడం! ఇంతోటి దానికి మళ్ళీ మొదట్నించీ రండి" అని నవ్వింది.

మావయ్య నవ్వలా. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "అయితే నేనూ చెప్తా" అన్నాడు. "అమ్మాయ్, నా దగ్గరికొచ్చేవాడు తనకి కావాల్సిన నిజం ఒక్కటే సంచిలో పెట్టుకుని వస్తాడు. నేను దాన్నే మోయాలి. ఎదుటి పక్షం వినమని వీళ్ళకి చెప్తానే గానీ, కోర్టులోకెళ్ళాక నేను మాట్లాడాల్సింది ఒక్క పక్షమే. జరిగింది జరిగినట్టు తెలుసుకోమని, ఎవరి తరఫునా మాట్లాడొద్దని, అందుకు ఒక గది ఇచ్చి, అన్నం పెట్టి, కూర్చోబెట్టే పని లోకంలో ఇంకెక్కడుంది? నీకు దొరికింది. నల్లకోటుకి వయసు లేదు, ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఆ మసి గోడ మాత్రం అప్పటిదాకా ఉండదు. మీ నాన్న సంగతి నేను చూసుకుంటా. పో."

ఆ గొంతు నేను కోర్టులో విన్నది. ఇంట్లో ఎప్పుడూ వినలా. "సరే మావయ్యా, నువ్వు తీర్పు చెప్పేశావుగా" అన్నా.

"తీర్పు కాదమ్మా. వాదన చెప్పానంతే" అన్నాడు. మేం ముగ్గురం నవ్వాం. ఆయన దువ్వెన తీసి దువ్వుకున్నాడు. నేను హైదరాబాద్ వెళ్ళిపోయా.

నాన్న సంగతి చూసుకుంటానన్న మాట నిలబెట్టుకున్నాడు. వారం వారం జగ్గయ్యపేట బస్సెక్కి వచ్చి నాన్నతో చదరంగం ఆడి, ఓడిపోయి, తిట్టుకుంటూ వెళ్ళేవాడు. ఆదివారాలు నాకు ఫోన్. "ఎక్కడిదాకా వచ్చింది?" అనేవాడు ముందు. తర్వాత ప్లీడరు బుద్ధి ఎక్కడికి పోద్ది, ప్రశ్నలు. సత్రంలో మంచం ఇచ్చేవాళ్ళా, చాపేనా? మంచమైతే ఎవరికి, చాపైతే ఎవరికి? గుర్రం ఉన్నవాడికి గడ్డి ఎవరిచ్చేవాళ్ళు? మా గైడు గారు అడగని ప్రశ్నలు ఆయన అడిగాడు. వాటికి జవాబులు వెతకబోవడం వల్లే నా థీసిస్ ఇంత లేటయిందని కూడా ఫిర్యాదుల్లో చేర్చుకోండి.

చివర్లో తప్పకుండా, "ఎప్పుడవుద్ది?" అని అడిగేవాడు. ఈ మధ్య ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది. పక్కింటాయన అదే అడుగుతాడు, ఫెలోషిప్ ఖాతా ఉన్న బ్యాంకులో అదే అడుగుతారు, నువ్వూ అదేనా? "అవుద్దిలే మావయ్యా" అని పెట్టేసేదాన్ని. ఆయనకి మోకాళ్ళ నొప్పులొచ్చాయని, కోర్టు మెట్లెక్కలేకపోతున్నాడని అత్తయ్య చెప్తే, "జూనియర్ని పెట్టుకోవచ్చుగా" అన్నా ఒకసారి. "పెట్టుకోవచ్చు. చూద్దాం" అన్నాడు.

ఆయన పోయిన రోజు నందిగామలో కోర్టు జరగలా. ప్లీడరు పోతే ఆ రోజు మిగతా ప్లీడర్లు విధులకి వెళ్ళరు. రెండు నిమిషాలు లేచి నిలబడతారు, అన్ని కేసులూ వాయిదా పడతాయి. అది వాళ్ళ గౌరవం, నేను కాదనను. కానీ వాయిదా అంటే మావయ్యకి కంపరం. అంత దూరం నుంచి చద్దిమూట కట్టుకుని వచ్చినవాణ్ణి ఉత్తి చేతుల్తో పంపడం కంటే పాపం లేదనేవాడు. పొద్దున కోర్టుకొచ్చి మధ్యాహ్నం దాకా చూసినవాళ్ళు, "ఎవరో ప్లీడరు పోయాడంట, ఇవాళ లేదంట" అని గొణుక్కుంటూ మళ్ళీ బస్టాండుకి పోతుంటే నేనూ నాన్నా వాళ్ళకి ఎదురొచ్చాం. ఆయన జీవితంలో వేయించిన అన్ని వాయిదాలూ ఆ ఒక్క రోజుకి సరిరావు.

పెద్ద దినం అయ్యాక కేసు కట్టలు తిరిగిచ్చే పని పడింది. ప్లీడరు పోతే క్లయింట్లు వచ్చి తమ కాయితాల కట్ట తీసుకెళ్ళి ఇంకో ప్లీడరుకి ఇచ్చుకోవాలి. ఆయన దస్తూరి చదవడం నాకు వచ్చు కాబట్టి అరుగు మీద కూర్చుని పేరు పిలిచి ఇచ్చేది నేనే. తీసుకున్నవాళ్ళు కట్టని చేత్తో ఒకసారి తడిమేవాళ్ళు. కొంతమంది దాన్ని పట్టుకునే ఏడ్చారు. గదిలో బీరువా ఖాళీ అవుతూ వచ్చింది. ఇంత మోసిన మనిషి ఒక్కడు, అందుకోవడానికి ఒక్క చెయ్యి లేకపోయిందే అనిపించింది.

చివర్లో వత్సవాయి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మరిదితో పొలం కేసు. కట్ట ఇవ్వబోతే తీసుకోలా. నా మొహంలోకి పరీక్షగా చూసి, "అయిపోయిందా అమ్మా చదువు?" అంది.

"ఏ చదువమ్మా?"

"ప్లీడరు గారు చెప్పేవోరుగా. మా మేనకోడలు హైదరాబాద్‌లో పెద్ద చదువు చదువుతా ఉంది, అది అయిపోగానే ఇక్కడికే వచ్చుద్ది, ఇంక నీ కేసు అదే చూసుకుంటది అని. మీకు కాళ్ళు లాగేత్తన్నాయి గదయ్యా, కుర్రోళ్ళెవరినన్నా పెట్టుకోరాదా అంటే, మా అమ్మాయి వచ్చేదాకా ఇంకోళ్ళని కూర్చోబెట్టను అన్నారు. అందరికీ అదే చెప్పేవోరు. నువ్వు పోయిన కాడ్నించీ ఇదే మాట."

"కాదమ్మా, నేను చదివేది లా కాదు. చరిత్ర" అన్నా.

"అంటే?"

"పాతకాలం సంగతులు."

"మా కేసూ పాతదేగా తల్లీ. మా మావగారి నాటిది" అంది ఆవిడ.

వెనక్కి తిరిగి చూశా. అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మొహం పక్కకి తిప్పేసుకుంది. "నీకు తెలుసా అత్తా?" అన్నా.

"నాకు తెలీకుండా ఎట్టుంటది? నువ్వు లా తరఫున చెప్పావు చూడు, ఆ సాయంత్రమే అన్నాడు, ఇలాంటి జూనియర్ నాకు జన్మలో దొరకదు అని. మరి ఉండమని చెప్పొచ్చుగా అంటే, చెప్తే అది వాదన కాదు, ఏడుపవుద్ది అన్నాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

ఆ గదిలో రూలు ఒక్కటే. ఎవరికేది కావాలో దానికి ఎదురు వాదించాలి. నాన్న అలాగే చెప్పాడు, నేనూ అలాగే చెప్పా. మూడో మనిషి కూడా అదే పని చేశాడని ఇన్నేళ్ళూ నాకు తట్టలా. ఆయనకి నేను కావాలి. అందుకే నన్ను పొమ్మని, గెలవాలన్నట్టుగా వాదించాడు. గెలిచాడు. తీర్పు కాదమ్మా అని మొహాన చెప్పాడు కూడా. నేనే దాన్ని తీర్పనుకుని నెత్తిన పెట్టుకుని తిరిగా. ఎప్పుడవుద్ది, ఎప్పుడవుద్ది అని ఆదివారం ఆదివారం ఆయనెందుకు అడిగేవాడో అప్పుడర్థమైంది. అరుగు మీదే కూర్చుని చంటిపిల్లలా ఏడ్చా. పాపం ఆ పెద్దావిడ కంగారుపడి, నేనేమన్నా తప్పు మాట అన్నానా అని అత్తయ్యని అడిగింది. తర్వాత తనే వచ్చి పక్కన కూర్చుని నా వీపు రాసింది.

ఇప్పుడు థీసిస్ పూర్తి చేస్తానా, వదిలేసి లా చదువుతానా? మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను చాలా అలిసిపోయి ఉన్నా. వెనక్కి రావచ్చా అని అడుగుదామని వచ్చినదాన్ని, ఆయన మొదట్నుంచీ తలుపు తీసే ఉంచాడని తెలిసింది. తెలిశాక రావడం తేలికైందా, కష్టమైందా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నా. ఎటు చెప్పినా వినే మనిషి లేడు.

పెద్దావిడకి తెలిసిన ప్లీడరు పేరు ఒకటి చెప్పి, కట్ట గట్టిగా కట్టిచ్చి, బస్టాండు దాకా తోడెళ్ళా. వత్సవాయి బస్సు కిక్కిరిసి వచ్చింది. ఎవరో లేచి ఆవిడకి సీటిచ్చారు. కట్ట ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, నేను చెప్పిందేదీ చెవినేసుకోనట్టే, "తొందరగా కానీ తల్లీ. నేను మాత్రం ఎన్నాళ్ళని ఉంటా?" అని అరిచింది. "సరేనమ్మా" అన్నా. ఏది తొందరగా కానివ్వాలో ఆవిడ చెప్పలా, నేనూ అడగలా. బస్సు కదిలింది. వెనకనుంచి సిమెంటు లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొడుతున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది, నేను రోడ్డు మధ్యలోనే నిలబడి ఉన్నా.